మావాడు టెన్నిస్ ప్రో అవుతాడా అని అడిగేవాళ్లకి

రాకెట్లకి గట్, అంటే తీగలు బిగించే నా గట్టింగ్ మెషిన్ వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటి ముందు గదిలో ఉంటుంది. సాయంత్రాలు రాకెట్లు పట్టుకొచ్చే నాన్నల్లో వారానికి ఒక్కరైనా కుర్చీ లాక్కుని కూర్చుని, గొంతు కాస్త తగ్గించి అదే మాట అడుగుతారు. "మాస్టారూ, మావాడు అండర్-12లో రెండు రౌండ్లు గెలిచాడు, చదువు పక్కన పెట్టించెయ్యమంటారా?" వద్దండీ అని ముందు చెప్పేస్తాను. ఆ తర్వాత చెప్పాల్సింది ఒక రాకెట్ గట్టింగ్ అయ్యేలోపు తేలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

నా అర్హత ఏంటంటే, నేను ఫెయిలయ్యాను. ప్రో ఆటలో అన్నిటికంటే కింది మెట్టు, ఇప్పుడు ఎం15 అంటున్న టోర్నమెంట్లని ఫ్యూచర్స్ అనే రోజుల్లో మూడేళ్లు తిరిగితే, మగవాళ్ల ప్రపంచ ర్యాంకింగ్‌కి లెక్కేసే ఏటీపీ పాయింటు ఒకే ఒక్కటి వచ్చింది. యాభై రెండు వారాలకి అదీ పోయింది. టెన్నిస్ ర్యాంకింగ్ అద్దె ఇల్లు లాంటిది, ఈ వారం సంపాదించిన పాయింట్లని వచ్చే ఏడాది ఇదే వారానికి ఖాళీ చేయాల్సిందే, మళ్లీ అన్ని తెచ్చుకుంటేనే ఉన్నచోట ఉంటారు. ఫోర్‌హ్యాండ్ సంగతి కోచ్ చూసుకుంటాడు, ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సింది ఈ వారాల లెక్క. నాకు ఆ లెక్క చెప్పినవాళ్లు లేరు.

పన్నెండేళ్ల దాకా

ఆరేడేళ్లకి మొదలుపెడితే సరిపోతుంది. సానియా మీర్జా రాకెట్ పట్టింది ఆరేళ్లకే. కానీ ఆ వయసు పిల్లాడి చేతికి నాన్న పాత 27 అంగుళాల రాకెట్ ఇచ్చి మామూలు పసుపు బంతితో ఆడించడం మన ఊళ్లో ఇప్పటికీ చూస్తున్నా. ఆ బంతి లేచి వాడి తల మీదుగా పోతుంది. దాన్ని అందుకోడానికి వాడు పట్టు మార్చుకుంటాడు, మణికట్టు తిప్పుతాడు, పధ్నాలుగేళ్లకి ఆ అలవాటు మాన్పించడానికి మీరే కోచ్‌కి డబ్బులు కడతారు. మొదట ఎర్ర బంతి, 36 అడుగుల చిన్న కోర్టు. ఇది మామూలు బంతి కంటే 75 శాతం నెమ్మది. తర్వాత 60 అడుగుల కోర్టులో నారింజ బంతి, ఆ తర్వాత ఆకుపచ్చ బంతితో 78 అడుగుల పూర్తి కోర్టు. రాకెట్ కూడా 21, 23, 25, 26 అంగుళాలు ఇలా ఎత్తుని బట్టి. "పక్కింటి పిల్లాడు అప్పుడే పసుపు బంతితో ఆడుతున్నాడండీ" అంటారు. ఆడనివ్వండి.

ఈ వయసులో వారానికి మూడు నాలుగు రోజుల టెన్నిస్ చాలు. మిగతా రోజులు ఆర్కే బీచ్ ఇసుకలో క్రికెట్టో, ఈతో, ఏదో ఒకటి. తెలివైన ఖర్చు ఒకటి చెప్తాను. మన క్లబ్బుల్లో మార్కర్లు ఉంటారు, మెంబర్లతో ఆడటమే వాళ్ల పని. నలభై ఏళ్లు దాటిన మార్కర్ ఒకాయన నాకు బంతిని పదే పదే బ్యాక్‌హ్యాండ్‌కే వేస్తూ, "ఏటి బాబూ, అది నీ బలం కాదని నాకెలా తెలిసిపోనాది?" అని నవ్వేవాడు. వారానికి రెండు గంటలు అలాంటి మనిషితో పాయింట్లు ఆడిస్తే, బుట్టెడు బంతులు పెట్టుకుని చేసే డ్రిల్లుల్లో రానిది వస్తుంది.

మన ఊరి గాలి, చెమట

బయట ఊళ్ల గైడ్లు రాయని సంగతి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతా. వైజాగ్‌లో పొద్దున్న ఐదున్నరకి కోర్టులోకి దిగితే లైన్ల మీద మంచు తడి ఉంటుంది. బంతి పీచు ఆ తడిని పీల్చి పది నిమిషాల్లో బరువెక్కుతుంది, మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి మొదలై అదే బంతిని ఈడ్చుకుపోతుంది. ఇక్కడే పెరిగిన పిల్లలకి బరువు బంతిని కొట్టే బలం వస్తుంది కానీ, పొడి గాలి ఉన్న ఊరికో, బెంగళూరు లాంటి ఎత్తైన చోటికో వెళ్లగానే మొదటి రెండు గేములు బంతి బేస్‌లైన్ దాటి పోతుంది. అలాంటి ఊరెళ్తే మ్యాచ్‌కి కనీసం రెండు రోజుల ముందే చేరండి, గట్ రెండు పౌండ్లు బిగువుగా వేయించండి. రాకెట్‌ని బీచ్ రోడ్డులో ఎండలో పెట్టిన కారులో వదిలేసే అలవాటు మానిపించండి, ఆ వేడికి గట్ సాగిపోతుంది. పాలియెస్టర్ గట్ అయితే తెగకపోయినా పది పదిహేను గంటల ఆటకి చచ్చిపోతుంది. తెగలేదు కదా అని మూడు నెలలు ఆడితే మోచెయ్యి నొప్పి వస్తుంది, అప్పుడు డాక్టరుకి కట్టే డబ్బుతో ఎన్ని గట్టింగులు అయ్యేవో నేను లెక్కేసి చూపిస్తుంటాను.

చెమట ఇంకో కథ. సెకండ్ సెట్‌కి బూట్లలో సాక్సు తడిసి పిచపిచమంటాయి, గ్రిప్పు జారుతుంది. జిగురు గ్రిప్పులు మనకి పనికిరావు, తడిసేకొద్దీ పట్టు పెరిగే పొడి రకం ఓవర్‌గ్రిప్ వాడాలి, సెట్టుకొకటి మార్చాలి. ప్రాక్టీసుకి ముందూ తర్వాతా తువ్వాలుతో ఒళ్లు తుడిపించి బరువు చూడండి. కిలో తగ్గితే దాదాపు లీటరు చెమట పోయినట్టు, మధ్యలో తాగిన నీళ్లు దానికి కలపాలి. మనవాళ్లు కొబ్బరినీళ్లు పట్టిస్తారు, మంచిదే, కానీ అందులో పొటాషియం ఎక్కువ, సోడియం తక్కువ. చెమటలో పోయేది ముఖ్యంగా ఉప్పే. ఓఆర్ఎస్ ప్యాకెట్టు, ముందు రోజు రాత్రి ఉప్పు వేసిన మజ్జిగ బాగా పనిచేస్తాయి. ఉయ్యూరులో పుట్టి, వైజాగ్ కుర్రాడిగా పేరు తెచ్చుకున్న సాకేత్ మైనేని 2016 యూఎస్ ఓపెన్‌లో క్వాలిఫయింగ్, అంటే ముందు జరిగే అర్హత మ్యాచ్‌లు గెలిచి మెయిన్ డ్రాకి, అంటే అసలు పోటీకి వచ్చి, మొదటి రౌండ్లో యిరి వెసెలీతో ఐదు సెట్లు ఆడి, చివర్లో కండరాలు పట్టేసి ఓడిపోయాడు. అంత ఒళ్లున్న మనిషికే అలా అయింది, మీ పిల్లాడిది ఇంకా ఎదిగే ఒళ్లు.

పన్నెండు నుంచి పదహారు

అఖిల భారత టెన్నిస్ సంఘం, అంటే ఏఐటీఏలో రిజిస్ట్రేషన్ చేయించాలి. పుట్టిన తేదీ సర్టిఫికెట్ అసలుది దగ్గర పెట్టుకోండి. అండర్-12, 14, 16, 18 గ్రూపులు. కింద టాలెంట్ సిరీస్, తర్వాత చాంపియన్‌షిప్ సిరీస్, సూపర్ సిరీస్, నేషనల్ సిరీస్, పైన నేషనల్స్. పైకి వెళ్లేకొద్దీ పాయింట్లు ఎక్కువ, పోటీ ఎక్కువ. చాలామంది చేసే తప్పు, సులువుగా ఉండే చిన్న టోర్నమెంట్లే వరుసగా ఆడించి ర్యాంకు పెంచడం. నా లెక్క వేరు. మూడు మ్యాచ్‌లాడితే రెండు గెలిచి ఒకటి ఓడే స్థాయి టోర్నమెంట్లు వెతకండి. అన్నీ గెలుస్తుంటే పైకి పంపండి, వరుసగా ఆరు మొదటి రౌండ్లు ఓడితే ఒక మెట్టు దించండి.

వైజాగ్‌లో మనకి మ్యాచ్‌లు తక్కువ, అదే పెద్ద ఇబ్బంది. ఒకే పదిమంది పిల్లలు ఒకళ్లతో ఒకళ్లు ఆడుకుంటూ ఉంటారు, ఎవడు ఎక్కడ సర్వ్ చేస్తాడో అందరికీ కంఠతా వచ్చేస్తుంది. అందుకే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో హైదరాబాదుకో, కోరమాండల్‌లో చెన్నైకో తిరగక తప్పదు. రాత్రి ప్రయాణం చేసి పొద్దున్నే ఆడించొద్దు, ఒక రోజు ముందు దిగండి. లాడ్జి డబ్బులు మిగుల్చుకుందామని మా నాన్న నన్ను అలాగే తీసుకెళ్లేవాడు, ట్రైను దిగి స్టేషన్లోనే మొహం కడుక్కుని కోర్టుకి వెళ్లినవి చాలా ఉన్నాయి, వాటిలో గెలిచినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంకొకటి. జూనియర్ మ్యాచ్‌ల్లో చాలావాటికి కుర్చీలో అంపైర్ ఉండడు, తన వైపు పడిన బంతి అవుటో ఇన్నో పిల్లాడే చెప్పాలి. ఎదుటివాడు తప్పు కాల్స్ ఇస్తే మనవాడు మొహమాటంతో నోరు మూసుకుంటాడు, లేదా ఏడుస్తాడు. ఇంట్లో నేర్పించండి: ప్రతి పాయింటుకీ ముందు స్కోరు గట్టిగా చెప్పడం, అనుమానం వస్తే "ఆర్ యూ షూర్?" అని ఒక్కసారి అడగడం, రెండోసారి అయితే ఆట ఆపి రిఫరీని పిలవడం. మీరు మాత్రం ఫెన్సింగ్ అవతలి నుంచి అరవకండి. మీ అరుపుకి మీవాడికే శిక్ష పడుతుంది.

ఇక చదువు. మన దగ్గర ఎనిమిదో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ అంటారు, ఇంటర్‌కొచ్చేసరికి పొద్దున్న నుంచి రాత్రి దాకా కాలేజీలోనే. నేను చూసిన మంచి పిల్లల్లో సగానికి పైగా అక్కడే ఆగిపోయారు. అటెండెన్సు విషయంలో పట్టువిడుపు ఉన్న చిన్న స్కూలు చూసుకోండి, చదువు మాత్రం మానిపించొద్దు. ఎందుకో కిందకి వస్తే తెలుస్తుంది.

ఐటీఎఫ్ జూనియర్స్, పదమూడు నుంచి పద్దెనిమిది

పదమూడో పుట్టినరోజు దాటాక అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య, అంటే ఐటీఎఫ్ జూనియర్ టోర్నమెంట్లు ఆడొచ్చు. ముందు ఐపిన్ అనే ఆటగాడి నంబరు తీసుకోవాలి, అది ఆన్‌లైన్ పని. పాస్‌పోర్టు ముందే సిద్ధంగా ఉండాలి, మర్రిపాలెంలో ఆఫీసు ఉంది కదా, అది చివరి నిమిషానికి వాయిదా వేసే పని కాదు. జె30, జె60, జె100, జె200, జె300, జె500, ఇవీ మెట్లు. జె30 పాయింట్ల కోసం అప్పు చేసి ఊరూ పేరూ తెలియని దేశాలకి పిల్లాడిని తిప్పే తల్లిదండ్రులున్నారు. మన దేశంలో జరిగేవి ముందు గెలవండి. గెలవలేకపోతే విమానం ఎక్కినా గెలవరు.

జూనియర్ ర్యాంకు చూసి మురిసిపోవద్దు కూడా. యూకీ భాంబ్రీ 2009లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచాడు, జూనియర్లలో ప్రపంచ నంబర్ వన్. గాయాలు వదల్లేదు, సింగిల్స్‌లో అతని అత్యుత్తమ ర్యాంకు 83. ఇప్పుడు డబుల్స్ ఆడుతున్నాడు. 83 అంటే మామూలు సంగతి కాదని తెలుసు, కానీ ప్రపంచంలో తన వయసు వాళ్లందరి కంటే పైనున్న కుర్రాడి సంగతి అది.

డబ్బు లెక్క ఇదీ

పెద్దవాళ్ల ఆటలో అబ్బాయిలకి కింది మెట్టు ఎం15, అమ్మాయిలకి డబ్ల్యూ15. పేరులోని 15 అంటే మొత్తం ప్రైజ్‌మనీ 15 వేల డాలర్లు, అందరికీ కలిపి. ఎం15 సింగిల్స్ గెలిచినవాడికి 2,160 డాలర్లు, 15 ఏటీపీ పాయింట్లు. మెయిన్ డ్రా మొదటి రౌండ్లో ఓడితే 156 డాలర్లు, పాయింట్లు సున్నా. అందులోంచి పన్ను కోసుకుంటారు. 156 డాలర్లంటే మన లెక్కలో పదమూడు పధ్నాలుగు వేలు, ఆ వారం గదికీ తిండికీ సరిపోదు, విమానం టికెట్టు మాట ఎత్తకండి. క్వాలిఫయింగ్‌లో ఓడితే అదీ రాదు.

ఇప్పుడు పై మెట్టు చూడండి. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో 128 మంది ఉంటారు, అందులో 104 మంది ర్యాంకుతో నేరుగా వస్తారు, మిగతా 24లో 16 మంది క్వాలిఫయర్లు, 8 మంది వైల్డ్ కార్డులు, అంటే ర్యాంకుతో పని లేకుండా నిర్వాహకులు పిలిచేవాళ్లు. 2024 వింబుల్డన్‌లో మొదటి రౌండ్లో ఓడినవాళ్లకి కూడా 60 వేల పౌండ్లు ఇచ్చారు. అంటే మొదటి వందలో ఉన్నవాడు ఏడాదికి నాలుగు మ్యాచ్‌లు ఓడినా బతికేస్తాడు, 400వ ర్యాంకువాడు ప్రతివారం గెలుస్తున్నా చేతి డబ్బు పెట్టుకుంటాడు. సుమిత్ నాగల్ దేశంలో నంబర్ వన్‌గా ఉన్న 2023లో తన బ్యాంకులో 900 యూరోలే ఉన్నాయని బయటికి చెప్పాడు. నాలుగు నెలలకి, 2024 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వాలిఫయింగ్ దాటి మొదటి రౌండ్లో 31వ సీడ్ బుబ్లిక్‌ని ఓడించాడు, ఆ ఏడాదే 68వ ర్యాంకు దాకా వెళ్లాడు. పేపర్లలో రెండో భాగమే పెద్ద అక్షరాలతో వచ్చింది. మీరు మొదటి భాగం చదవండి.

ఖర్చు తగ్గించే దారులు కొన్ని ఉన్నాయి. ఒక్క వారానికి ఒక దేశం వెళ్లొద్దు, వరుసగా మూడు నాలుగు వారాలు ఒకే చోట టోర్నమెంట్లు ఉండేలా చూసుకోండి. ట్యునీషియాలో మొనాస్టిర్, టర్కీలో అంటాల్యా, ఈజిప్టులో షర్మ్ ఎల్ షేక్ దానికే పేరు. ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకోండి. చిన్న రైస్ కుక్కరు, పప్పు, ఒక సీసా గోంగూర పచ్చడి బ్యాగులో పడితే నెలకి మిగిలేది చిన్న మొత్తం కాదు. గట్ రీల్ కొనుక్కుని గట్టింగ్ నేర్చుకోండి, ఆ విద్యే ఈరోజు నాకు అన్నం పెడుతోంది. డబుల్స్ మాత్రం ఎప్పుడూ వదలొద్దు. రోహన్ బోపన్న 43 ఏళ్ల వయసులో, 2024లో, ఆస్ట్రేలియన్ ఓపెన్ డబుల్స్ గెలిచి నంబర్ వన్ అయ్యాడు. సానియా కూడా సింగిల్స్‌లో 27 దాకా వెళ్లింది, నంబర్ వన్ అయింది డబుల్స్‌లోనే.

సాయంత్రం ఏడున్నర

ఎం15 లాంటి టోర్నమెంట్ల ఎంట్రీలకి గడువు ఉంటుంది, సాధారణంగా టోర్నమెంటుకి రెండున్నర వారాల ముందు. పేరు వెనక్కి తీసుకోడానికి ఇంకో గడువు. గడువు గంట జీఎంటీ ప్రకారం మధ్యాహ్నం 2, అంటే మనకి సాయంత్రం 7:30. ఇది తెలిసి కూడా నేను ఒకసారి దెబ్బతిన్నాను. రెండు టోర్నమెంట్లకి పేరిచ్చి, ఒకదాంట్లోంచి తీసేసుకోవాల్సిన రోజు గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఉన్నా. అన్నవరం దాటాక గుర్తొచ్చింది. ఫోనులో సిగ్నల్ ఒక గీత, పేజీ తిరుగుతూనే ఉంది, సామర్లకోటలో ఆగేసరికి టైమైపోయింది. ఆ వారం ఏ టోర్నమెంటూ ఆడలేదు, పైగా జరిమానా కట్టాను. అందుకే మీ ఫోన్లలో సాయంత్రం ఆరుకే అలారం పెట్టండి, తల్లో తండ్రో ఒకరి దగ్గర కూడా పాస్‌వర్డ్ ఉండనివ్వండి.

పద్దెనిమిదేళ్లకి రెండు దారులు

నన్నడిగితే మన ఊరి మధ్యతరగతి పిల్లలకి అమెరికా కాలేజీ దారే నయం. కోచింగు, జిమ్ము, ఫిజియో, మ్యాచ్‌లు, అన్నీ కాలేజీవాళ్లే చూసుకుంటారు, స్కాలర్‌షిప్ దొరికితే డిగ్రీ కూడా చేతికొస్తుంది. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008ల్లో వరుసగా అమెరికా కాలేజీల జాతీయ పోటీ, అంటే ఎన్‌సీఏఏ సింగిల్స్ గెలిచి ఆ తర్వాతే ప్రో అయ్యాడు. సాకేత్ అలబామాలో చదివి వచ్చి 2014 ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చాడు. అక్కడి కోచ్‌లు ఐటీఎఫ్ ర్యాంకుతో పాటు యూటీఆర్ అనే రేటింగ్ చూస్తారు, మార్కులు చూస్తారు, ఎడిట్ చేయని మ్యాచ్ వీడియో అడుగుతారు. పదకొండో తరగతిలోనే మెయిళ్లు రాయడం మొదలెట్టాలి. ఇంటర్ అయ్యాక రెండేళ్లు ఊరికే ఆడుతూ గడిపితే అక్కడి అర్హత తగ్గిపోయే ప్రమాదం ఉంది. చదువు మానిపించొద్దన్నది అందుకే.

నేరుగా ప్రో అవుతానంటే, డబ్బు పెట్టేవాళ్లతో కలిసి కూర్చుని ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్నేళ్లు, ఎంత డబ్బు, ఏ తేదీకి ఏ ర్యాంకు. మా ఇంట్లో ఆ కాగితం లేదు. ప్రతి డిసెంబరులోనూ "ఇంకొక్క ఏడాది" అనుకున్నాం, మూడో డిసెంబరుకి అమ్మ గాజులు లేవు.

చిన్న విషయాలు రెండు, కానీ కెరీర్ ముగించేవి. దగ్గు మందు, ఆయుర్వేద పొడి, జిమ్ము డబ్బాలు, ఏదైనా డోపింగ్ నిషేధ జాబితా చూడకుండా మింగొద్దు, "తెలియక తిన్నాను" అంటే వదలరు. రెండోది బెట్టింగ్. ఆటగాడే కాదు, అతనితో తిరిగే కోచ్, తల్లిదండ్రులు కూడా టెన్నిస్ మీద పందెం కాయకూడదు, సరదాకి వంద రూపాయలైనా సరే. కింది స్థాయి టోర్నమెంట్లలో "ఒక సెట్ వదిలెయ్, డబ్బులిస్తా" అని మెసేజీలు వస్తాయి. రాగానే స్క్రీన్‌షాట్ తీసి, టెన్నిస్‌లో ఇలాంటి అవినీతిని విచారించే ఐటీఐఏ అనే సంస్థకి చెప్పాలి, వచ్చిన సంగతి దాచినా తప్పే.

ఆపేశాక కోచింగ్ ఉంది, రైల్వేలు, ఆదాయపు పన్ను శాఖ లాంటి చోట్ల స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలున్నాయి. వాటికి పాత సర్టిఫికెట్లు అడుగుతారు. అండర్-14 నుంచి ప్రతి సర్టిఫికెట్టూ, డ్రా షీటూ ఒక ఫైల్లో పెట్టండి, ప్లాస్టిక్ కవర్లో. మావి హుద్‌హుద్ రోజున కిటికీ అద్దం పగిలి తడిసిపోయాయి, వాటిలో రెండు మాత్రమే చదవడానికి వీలుగా మిగిలాయి.

మొన్న వచ్చిన నాన్నకి ఇదంతా చెప్పలేదు. వాళ్ల పిల్లాడి రాకెట్ చూస్తే గ్రిప్పు నల్లగా అయిపోయి, గట్ బోర్డులా బిగుసుకుని ఉంది, పదకొండేళ్ల చేతికి ఎవరో 58 పౌండ్లు బిగించారు. దాన్ని కోసేసి, మెత్తటి సింథటిక్ గట్ 46కి వేశాను. నెల తర్వాత పిల్లాడిని తీసుకుని రమ్మన్నాను, వచ్చేటప్పుడు మూడు నెలల ఏఐటీఏ క్యాలెండర్ ప్రింటు కూడా తెమ్మన్నాను.